తొమ్మిది గళ్ళ బొంత

సంక్రాంతి వెళ్ళాక రెడ్డిగూడెంలో పొద్దున పూట ఏ వీధిలో నడిచినా గోడల మీద, మంచాల మీద బొంతలు ఆరేసి కనిపిస్తాయి. రాత్రి పట్టిన చెమ్మ ఎండకు పోవాలి. తోటల్లో మామిడి పూత విచ్చుకునే రోజులవి. ఈ ఏడు మా పెద్దమ్మ ఇంటి ముందు ఆరేసిన బొంత దగ్గర నేనొక పూటంతా కూర్చుండిపోయాను. చేతిలో తెల్ల కాగితం, పెన్సిలు. "ఆ పాత గుడ్డల్లో ఏముందమ్మా అంతగా చూడటానికి?" అని పెద్దమ్మ రెండుసార్లు అడిగి వెళ్ళింది.

పొంతన లేనిదాన్ని మనం అతుకుల బొంత అంటాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెట్టినా, తలా ఒక ముక్క రాసి పుస్తకం తెచ్చినా అదే మాట. ఆ పూట తర్వాత ఆ మాట నా నోట రావడం కష్టమైంది. అతుకులు ఎక్కడ పడాలో తెలియకుండా బొంత కుట్టలేరు. అతుకు ఎక్కడుందో చూడటం నేర్చుకుంటే, కుట్టినామె ఎలా ఆలోచించిందో బొంత మీదే కనిపిస్తుంది.

మన ఊళ్ళలో ఎక్కువ బొంతలకు పైనా కిందా పాత నేతచీరలే ఉంటాయి. లోపల చిరిగిన పంచెలు, లుంగీలు, దుప్పటి ముక్కలు పరుస్తారు. చినిగిన చోట మాసిక పడుతుంది. ఇంట్లో కుట్టుమిషను ఉన్నా, ఊళ్ళో దర్జీ పరిచయమున్నా ఇంకో రకం బొంత పుడుతుంది. జాకెట్టు ముక్కలన్నీ కూడబెట్టి, చదరాలుగా కత్తిరించి, ఒకదానికొకటి కలిపి పైభాగం మొత్తం కుడతారు. పెద్దమ్మది ఈ రెండో రకం. మా ఇంట్లో దాన్ని గళ్ళ బొంత అనేవాళ్ళు, అంతే.

ఇలాంటి బొంతలో నమూనా పోల్చుకోవాలంటే ముందు రంగులను పట్టించుకోవడం మానాలి. రంగు కంటిని లాక్కుపోతుంది. ఎర్ర ముక్క దగ్గర ఆగిపోయిన కన్ను దాని చుట్టూ ఉన్న అమరికను చూడదు. కుట్టు గీతలు చూడాలి. ముఖ్యంగా బొంత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా విరగకుండా నడిచే గీతలు ఎన్ని ఉన్నాయో చూడాలి. ముక్కల్ని ముందు చిన్న చిన్న చదరాలుగా కలిపి, ఆ చదరాలను వరసలుగా, వరసలను బొంతగా కలుపుతారు. కాబట్టి పొడవాటి తిన్నని గీత అంటే రెండు వరసలు కలిసిన చోటు. అడ్డంగా రెండు, నిలువుగా రెండు అలాంటి గీతలు దొరికితే, వాటి మధ్యనున్న చదరమే మళ్ళీ మళ్ళీ వచ్చే మూలరూపం. అమెరికాలో కుట్టుపనివాళ్ళు దీన్ని బ్లాకు అంటారు. పెద్దమ్మ బొంతలో అడ్డంగా 6, నిలువుగా 8, మొత్తం 48 బ్లాకులు. ఒక్కొక్కటి జానెడు.

తర్వాతి పని ఆ బ్లాకు లోపలి గళ్ళు లెక్కపెట్టడం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. అడ్డం రెండు, నిలువు రెండు గళ్ళుంటే ఒక కుటుంబం. మూడు మూళ్ళు తొమ్మిది గళ్ళుంటే ఇంకొకటి. అయిదేసి గళ్ళవి, ఏడేసి గళ్ళవి వేరే కుటుంబాలు. అమెరికాలో ఎలుగుబంటి పంజా అని పిలిచే పాత నమూనా చూడటానికి చిక్కుగా ఉంటుంది. లెక్కపెడితే మూడు గళ్ళ పంజా, మధ్యలో ఒక గడి వెడల్పు పట్టీ, మళ్ళీ మూడు గళ్ళ పంజా. అంటే ఏడు. ఆ ఏడు అనే సంఖ్య దొరికితే చాలు, మిగతాది విప్పుకోవచ్చు. పువ్వుకు రేకులు లెక్కపెట్టి మొక్క కుటుంబాన్ని పోల్చే పద్ధతి ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

పెద్దమ్మ బ్లాకులో తొమ్మిది గళ్ళు. నట్టనడుమ ముదురు చదరం. దానికి నాలుగు వైపులా లేత చదరాలు. నాలుగు మూలల గళ్ళు మాత్రం ఐమూలగా రెండు ముక్కలై ఉన్నాయి. లోపలి వైపు ముదురు త్రికోణం, బయటి వైపు లేత త్రికోణం. కాగితం మీద గీసుకుని చూస్తే అమెరికా పుస్తకాల్లో షూఫ్లై పేరుతో అచ్చయ్యే బొమ్మ వచ్చింది. పెద్దమ్మ ఆ పుస్తకాలు చూడలేదు, ఆ దేశపు బొంత చూడలేదు. ఎవరి దగ్గరా ఎవరూ నేర్చుకోకుండానే ఇది జరగొచ్చు. తొమ్మిది గళ్ళు తీసుకుని, మూలలు మాత్రం విరిచి, నాలుగు వైపులా ఒకేలా ఉండాలనుకున్న ఏ చెయ్యైనా అక్కడికే చేరుతుంది.

అక్కడి నుంచి ఇంకొక అడుగు వేస్తే వేరే పేర్లు వస్తాయి. మూలల త్రికోణాలు అలాగే ఉంచి పక్క గళ్ళను రెండేసి పట్టీలుగా చీలిస్తే చర్న్ డాష్ అవుతుంది. చర్న్ డాష్ అంటే కవ్వం. మూలలు చదరాలుగా వదిలేసి, పక్క గళ్ళను రెండు ఐమూలలూ గీసి నాలుగేసి త్రికోణాలు చేస్తే ఒహాయో స్టార్. పక్క గళ్ళను ఒక్క ఐమూల గీతతో విరిచి, నాలుగింటినీ ఒకే దిక్కుగా తిప్పితే ఫ్రెండ్‌షిప్ స్టార్ అనే నక్షత్రం. నాలుగూ అన్నదమ్ములు. రంగులు చూస్తే వేటికవే వేరు, గళ్ళు చూస్తే ఒకే ఇల్లు.

ఈ చివరి నక్షత్రంలో ఒక విశేషం ఉంది. పెద్దమ్మ బ్లాకును నిలువునా మడిచినా, అడ్డంగా మడిచినా, ఐమూలగా మడిచినా రెండు సగాలూ కలుస్తాయి. నక్షత్రం ఎలా మడిచినా కలవదు. అయినా దాన్ని పావు వంతు తిప్పితే మళ్ళీ మొదటిలాగే కనిపిస్తుంది. గాలిమర రెక్కల్లాగా దానికి తిరిగే దిక్కు ఉంది. వెనక నుంచి చూస్తే ఆ దిక్కు తారుమారవుతుంది. పోల్చుకునేటప్పుడు ఈ మడత పరీక్ష, తిప్పే పరీక్ష రెండూ చేస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. ముగ్గులు వేసే చేతికి ఇదంతా కొత్త కాదు. చుక్కలు పెట్టి ఒక మూల గీసి, అదే గీతను మిగతా మూడు మూలలకూ తిప్పుకుంటూ పోవడం ఇదే పని. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు 1970లలో తమిళ ముగ్గుల మీద కంప్యూటర్ శాస్త్ర పరిశోధనే చేశారు.

ఐమూలగా విరిచిన గడిలో ఎంత దాగుందో 1704లో ఫ్రాన్సుకు చెందిన సెబాస్టియన్ ట్రూషే అనే సన్యాసి లెక్కగట్టాడు. ఆయన చూసింది గుడ్డ కాదు, నేల మీద పరిచే పలకలు. ఐమూల గీతకు అటొక రంగు, ఇటొక రంగు. అలాంటి గడిని నాలుగు రకాలుగా తిప్పి పెట్టొచ్చు. నాలుగు గళ్ళు కలిపి రెండు రెళ్ళ చదరం చేస్తే 4×4×4×4, అంటే 256 అమరికలు వస్తాయి. చదరాన్ని తిప్పితే ఒకటేనని తేలేవాటిని కలిపేసినా 70 మిగులుతాయి. రెండు రంగుల గుడ్డ, ఒకే ఒక్క కోత, డెబ్భై బొమ్మలు! నమూనాల పుస్తకాలు ఎందుకంత లావుగా ఉంటాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ ఒక్క కోత తేలికైనది కాదు. నేసిన గుడ్డను పడుగు వెంట లాగితే సాగదు, పేక వెంట లాగినా పెద్దగా సాగదు. ఐమూలగా లాగితే మాత్రం పోగుల మధ్యనున్న చదరాలు నలిగి పక్కకు వాలిపోయి గుడ్డ సాగుతుంది. చదరాన్ని ఐమూలగా కోసిన క్షణం నుంచి ఆ త్రికోణపు పొడవాటి అంచు అదుపులో ఉండదు. కుట్టేటప్పుడు అలలు పడుతుంది, నాలుగు ఉతుకులకు వంకర పోతుంది. అందుకే మంచి పనివాళ్ళు కోయకుండా తప్పించుకునే దారులు వెతికారు. పెద్దమ్మ బొంత మూలలు వేళ్ళతో నొక్కి చూస్తే మిగతా గళ్ళకంటే దళసరిగా తగిలాయి. ఆమె త్రికోణాలు కోయలేదు. ముదురు చదరాన్ని ఐమూలగా మడిచి, లేత చదరం మీద పెట్టి కుట్టేసింది. మడత అంచు ఐమూల మీదే ఉన్నా పోగు విడదు, కింది గుడ్డ దాన్ని పట్టి ఉంచుతుంది. ఒక్కో బ్లాకుకు 13 ముక్కలు, బొంత మొత్తానికి 624. వాటిలో ఒక్కటీ కోసిన త్రికోణం కాదు.

కంటికి కనిపించనిది వేలికి తగలడం ఈ పనిలో మామూలే. అందుకే బొంత ఫొటో చూసి నమూనా చెప్పడం కంటే బొంత పట్టుకుని చెప్పడం మేలు.

ఫొటో పనికొచ్చే చోటు వేరే ఉంది. ఉతికి ఉతికి వెలిసిపోయిన బొంతలో ఏది ముదురు, ఏది లేత అన్నది తెలియకుండా పోతుంది. పసుపు, గులాబీ పక్కపక్కన ఉంటే మన కన్ను వాటిని వేరు రంగులుగానే చూస్తుంది, రెండూ ఒకే వెలుగులో ఉన్నాయని గమనించదు. నమూనా నిలబడేది మాత్రం వెలుగునీడల తేడా మీద. కళ్ళు సగం మూసి చూడమని పాతవాళ్ళు చెప్పేది ఇందుకే. ఇప్పుడు ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసుకుంటే చాలు. ఆ పూట నేను మంచమెక్కి పై నుంచి అలా ఒక ఫొటో తీశాను. అప్పటిదాకా నేను చూడని బొమ్మ బయటపడింది. నాలుగు బ్లాకులు కలిసిన ప్రతి చోటా నాలుగు లేత త్రికోణాలు ఒక్కటై, కోణం మీద నిలబెట్టిన తెల్లని చదరం తయారైంది. బ్లాకులో ఎక్కడా లేని ఆకారమది, కూడలిలో పుడుతుంది. కొత్తవాళ్ళు మొదట మోసపోయేది దీని దగ్గరే. మెరుస్తున్నది కాబట్టి అదే బ్లాకు అనుకుని గళ్ళు తప్పుగా విడదీస్తారు. తిన్నని కుట్టు గీతలు ఆ తెల్ల చదరం నడిమధ్య నుంచి వెళ్తున్నాయని చూస్తే పొరపాటు దిద్దుకోవచ్చు. 48 బ్లాకుల బొంతలో అలాంటి కూడళ్ళు 5×7, అంటే 35 ఉండాలి. నేను 34 లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టినా 34.

వెలుగునీడల మీదే బతికే నమూనా ఇంకొకటుంది, లాగ్ క్యాబిన్. దుంగలతో కట్టిన గుడిసె అని ఆ మాటకు అర్థం. నడుమ చిన్న చదరం పెట్టి చుట్టూ పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకుంటూ పోతారు. రెండు వైపుల పట్టీలు లేతవి, రెండు వైపులవి ముదురువి. బ్లాకు ఒకటే, కానీ పక్కపక్కన పెట్టేటప్పుడు తిప్పడాన్ని బట్టి బొంత మారిపోతుంది, పేరూ మారిపోతుంది. ఐమూలగా గీతలు తేలేలా పేరిస్తే దాన్ని స్ట్రెయిట్ ఫర్రో అంటారు. అంటే నాగటి సాలు. దుక్కి దున్నిన చేను చూసినవాళ్ళకు ఆ పేరు ఇక వివరించక్కర్లేదు.

లాగ్ క్యాబిన్‌లో ఏ పట్టీ ముందు కుట్టారో చూసి చెప్పేయొచ్చు. తర్వాత వేసిన పట్టీ ముందు వేసినదాని కొసను కప్పుతుంది కాబట్టి, పొడవైన పట్టీ నుంచి పొట్టి పట్టీకి వెనక్కి నడిస్తే నడుమ చదరానికి చేరతాం. దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచే బొంత మన పొరుగునే ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు కుట్టే కవుదిని ఒక మూల దగ్గర మొదలుపెట్టి, అంచుల వెంట చుట్టు తిరుగుతూ నడిమికి వస్తారు. గళ్ళ లెక్క అక్కడ పనిచేయదు. కుట్టు నడిచిన దారి పట్టుకోవాలి. చివర్లో మూలలకు మడతలు పెట్టిన త్రికోణపు ముక్కలు కుట్టి వాటిని పువ్వులంటారు. అవి లేని కవుది వాళ్ళ కంటికి బోసిగా ఉంటుంది. అమెరికా కళాచరిత్రకారుడు హెన్రీ డ్రూవల్ వాటి మీద చాలా కాలం పనిచేశాడు. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే చిన్న పల్లెలో నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతలూ గళ్ళకు లొంగవు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో అవి ప్రదర్శనకు వచ్చాక చిత్రకళ మీద రాసేవాళ్ళు వాటిని పెద్ద చిత్రకారుల పక్కన నిలబెట్టారు. వాటిలో పాత పనిబట్టల మోకాళ్ళ దగ్గరి వెలిసిన మచ్చలు కూడా బొమ్మలో భాగమే.

ఇక పేర్లు. నాకు అన్నిటికంటే తక్కువ నమ్మకం పేర్ల మీదే. ఎలుగుబంటి పంజా అన్న నమూనానే ఇంకో చోట బురదలో బాతు కాలు అన్నారు, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు స్నేహహస్తం అన్నారు. రూత్ ఫిన్లీ 1929లో పాత బొంతల మీద పుస్తకం రాసే నాటికే ఈ గందరగోళం ఉంది. కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక 1928 నుంచి 1961 దాకా నమూనాలు అచ్చువేసుకుంటూ పోయేసరికి పేర్లు ఇంకా పెరిగాయి. బొంతల చరిత్ర రాసిన బార్బరా బ్రాక్‌మన్ దీనికి ఒక దారి చూపింది. పేరును పక్కనపెట్టి, గళ్ళు ఎన్ని, కుట్టు ఎటు నడిచింది అన్న రెండు ప్రశ్నల మీద నాలుగు వేలకు పైగా నమూనాలకు అంకెలు కేటాయించింది. 1993లో అదంతా ఒకే పుస్తకంగా వచ్చింది. పేరు తెలియకపోయినా గళ్ళు లెక్కపెట్టగలిగితే ఎవరైనా అందులో తమ బ్లాకును వెతుక్కోవచ్చు. ఇలాంటి పని తెలుగు బొంతలకూ, లంబాడీ తండాల కుట్టుపనికీ జరగాలని నాకు గట్టిగా ఉంది. తిరువూరు వైపు తండాల్లో పెద్దవాళ్ళ పెట్టెల్లో అద్దాలు, గవ్వలు, ముక్కలు కలిపి కుట్టిన పాత పేటియాలనే లంగాలు ఉన్నప్పుడే అది జరగాలి. సంక్రాంతికి వచ్చే గంగిరెద్దు వీపు మీది రంగుల బొంతనైనా ఎవరూ దగ్గర నిలబడి గళ్ళు లెక్కపెట్టడం నేను చూడలేదు.

ముక్కలు కలపడానికి మన వైపు చరిత్ర చాలా పాతది. బౌద్ధ వినయపిటకంలో ఒక కథ ఉంది. బుద్ధుడు దక్షిణగిరి వైపు నడుస్తూ మగధ పొలాలను చూశాడు. మళ్ళూ, వాటి మధ్య గట్లూ, గట్లు కలిసే కూడళ్ళూ. భిక్షువుల చీవరాలు ఇలా కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగాడు. ఆనందుడు కుట్టి చూపించాడు. అప్పటి నుంచి చీవరంలో నిలువు పట్టీలు బేసి సంఖ్యలో, కనీసం అయిదు ఉండాలి. ఒక్కో పట్టీలో పొడుగు మడి ఒకటి, పొట్టి మడి ఒకటి. కోసి కలిపిన గుడ్డకు విలువ పోతుంది, దొంగ కన్ను పడదు. సన్యాసికి కావలసిందీ అదే. మా ఎన్టీఆర్ జిల్లాలోనే జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉండేది. ఆ గుట్ట చుట్టూ వరిమళ్ళ గట్ల మీద చీవరం కట్టుకుని నడిచిన భిక్షువును తలుచుకుంటే, చేనూ బట్టా ఒకే లెక్కలో ఉన్నట్టుంటుంది.

సముద్రం దాటిన కథ ఇంకొకటి. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టింది ఎక్కువగా గుడ్డ కోసమే. ఈ తీరపు అద్దకం చీటి గుడ్డలకు యూరప్‌లో ఎంత గిరాకీ పట్టిందంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టగా ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో వాటి దిగుమతిని నిషేధించాయి. 1721లో ఇంగ్లండు అద్దకం నూలు బట్ట వాడకాన్నే నిషేధించింది. ఇంగ్లండులో ఇప్పటిదాకా నిలిచిన అతి పాత ముక్కల బొంతగా పేరున్నది లెవెన్స్ హాల్ అనే భవనంలో ఉంది. అది 1708 ప్రాంతానిది. దాని ముక్కలన్నీ భారతదేశపు చీటి గుడ్డలే. నిషేధం నడుస్తున్న రోజుల్లో దొరికిన చిన్న ముక్కను కూడా పారేయడానికి వాళ్ళకు మనసొప్పలేదన్నమాట. ముక్కను దాచుకోవడానికి పేదరికమే కారణం కానక్కర్లేదు.

బొంత వయసు చెప్పడానికి నమూనాకంటే గుడ్డే నమ్మకమైన సాక్షి. నమూనా వందేళ్ళు అలాగే ఉండొచ్చు, గుడ్డ మాత్రం కాలంతో మారుతుంది. అంచు దగ్గర ఊడిన పోగు ఒకటి తీసి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పెద్దమ్మ బొంతలో కొన్ని జాకెట్టు ముక్కలు పాలిస్టరువే, ఉతికినా వెలవకుండా నిగనిగలాడుతున్నాయి. కప్పుకోవడానికి మాత్రం నూలుదే హాయి. మామూలు గాలి తేమలో నూలు తన బరువులో 8 శాతం దాకా నీటిని పీల్చుకుంటుంది, పాలిస్టరు అర శాతం కూడా పీల్చుకోదు. లోపలి పొరలు పాత పంచెలే కావడం అందుకు మంచిదే. వెచ్చదనం ఇచ్చేది గుడ్డకంటే పొరల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. టాకాలు మరీ దగ్గరగా వేస్తే ఆ గాలి నలిగిపోతుంది. మరీ ఎడంగా వేస్తే పొరలు జారి ఒక మూలకు ముద్దవుతాయి. పెద్దమ్మ టాకాల వరసల మధ్య బెత్తెడు ఎడం ఉంది. కొలబద్ద పెట్టలేదట, చెయ్యి పెట్టింది.

మధ్యాహ్నానికి ఆ ముప్పై అయిదో చదరం దగ్గరికి మళ్ళీ వచ్చాను. కింది నుంచి రెండో కూడలి వరస, ఎడమ నుంచి నాలుగోది. మూడు త్రికోణాలు లేతవి, నాలుగోది ముదురు. అందుకే ఫొటోలో అది చదరంగా తేలలేదు. దేవుడొక్కడే తప్పు లేనివాడని, అందుకే బొంతలో కావాలని ఒక తప్పు పెడతారని అమెరికాలో ఒక కథ ప్రచారంలో ఉంది. బొంతల చరిత్ర రాసినవాళ్ళు దాన్ని నమ్మరు. అయినా మనసులో ఆ కథ మెదిలింది. పెద్దమ్మను పిలిచి చూపించాను. ఆమె వంగి, బొటనవేలితో ఆ ముక్కను రుద్ది చూసింది.

"ఇక్కడికొచ్చేసరికి తెల్ల గుడ్డ అయిపోయింది. మీ పెదనాన్న కండువా చెరగు కోసి వేశా. అప్పుడది తెల్లగానే ఉండేదమ్మా. తోటలో జీడి మరకలు పడ్డ కండువా కదా, ఉతికే కొద్దీ నల్లబడింది."

మామిడి జీడి మరక. సబ్బుకు పోదు, గాలి తగిలే కొద్దీ ముదురుతుంది. కాగితం మీద నేను గీసుకున్న బ్లాకులో ఆ మూలకు పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాను. పెద్దమ్మ బొంత దులిపి రెండో వైపు ఎండకు తిప్పి వేసింది.